తిప్పయ్య చేతిలో టెంకాయ

పీచు తీసిన టెంకాయను అరచేతిలో పడుకోబెట్టుకుని తిప్పయ్య ఓబిలేష్ చేనులో నడుస్తున్నాడు. బక్కపలచని ముసలి మనిషి, ఎండకు మాడిన పిక్కలు, ఎడమ కంట్లో పువ్వు. వెనకాల ఊరి జనం. గట్టు పక్కన బోరుబండి సిద్ధంగా ఉంది. వేపచెట్టు దగ్గరికి రాగానే జనం గుసగుసలు ఆగిపోయాయి. కాయ లేచి నిలబడింది.

"గంగమ్మ ఈడే ఉండాది!" అని అరిచారు అందరూ.

భూమిలో నీళ్ల జాడ పట్టే ఆ విద్య తండ్రి నేర్పింది. నీళ్లు పడితే తిప్పయ్య చెయ్యి, పడకపోతే రైతు రాత. ఎంత సుఖమైన లెక్కో చూడండి! ఊరి లెక్కా అదే, ఆయన లెక్కా అదే. పెళ్లాం పిల్లలు లేరు, సెంటు భూమి లేదు. ఉన్నదల్లా ఆ చెయ్యే.

ఓబిలేష్ మేనకోడలు చంద్రిక అనంతపురంలో సైకాలజీ చదువుతోంది. "తాతా, కండ్లకు గుడ్డ కట్టుకోని ఒకతూరి నడుస్తావా? ఎవరూ నీ వెంట రాగూడదు" అంది.

"దానికేం పాపా, కట్టు" అని నవ్వాడు తిప్పయ్య.

జనాన్ని దూరంగా కూర్చోబెట్టి, ఆయన్ని గుండ్రంగా తిప్పి వదిలింది. ఈసారి కాయ రాళ్లకుప్ప పక్కన లేచింది. మళ్లీ నడిపిస్తే దారి మధ్యలో లేచింది. వేపచెట్టు దగ్గర రెండుసార్లూ కదలనే లేదు. తిప్పయ్య గుడ్డ విప్పి, చంద్రిక చూపించిన ఆ రెండు చోట్లనూ వేపచెట్టునూ మార్చి మార్చి చూశాడు.

"నువ్వు మోసం చేయలేదు తాతా. అందరూ యాడ ఊపిరి బిగబట్టి చూస్తారో ఆడ నీ చెయ్యి నీకే తెలీకుండా కదులుతాది."

ఆ మాటకు కోపం రావాలి. రాకపోయేసరికి ఆయనకు భయమేసింది. తను చూపిన చోట బోరు వేసి నీళ్లు పడని రైతుల మొహాలు గుర్తొచ్చాయి. అందరికంటే ముందు, చేను అమ్ముకుని బెంగళూరుకు వలసపోయిన కుళ్లాయప్ప మొహం.

"ఓబిలేశా, వద్దురా. బండిని ఎనక్కి పంపు."

ఈ బోరు కోసం ఓబిలేష్ ఎద్దులను అమ్ముకున్నాడు. "ఏమన్నా, ఇంతమందిమి చూస్తిమి గదా! పాప మాట పట్టుకుంటావా?"

"కాయ పెట్టన్నా, పెట్టు" అంది జనం ఒక్క గొంతుతో.

అన్ని కళ్లూ ఆయన మీదే. వద్దని ఇంకోసారి అనాలి. నోరు తెరిచాడు కూడా. కానీ నడుం వంగింది, చెయ్యి వేపచెట్టు దగ్గర గుర్తుగా కాయ పెట్టింది.

కాయను పక్కకు జరిపి బండి మొదలుపెట్టారు. మధ్యాహ్నమంతా తెల్లదుమ్మే తప్ప తడి లేదు. పొద్దు వాలేవేళకు బండి ఆగింది. ఓబిలేష్ ఖాళీ పలుపుతాడు భుజాన వేసుకుని ఇంటిదారి పట్టాడు.

"నీ రాత అంతే అప్పా" అంటూ జనం వెళ్లిపోయారు. తిప్పయ్యను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఒక్కడైనా తిట్టకూడదా అనుకుంటూ ఆయన చెట్టుకు వీపు ఆనించి కూర్చున్నాడు.

చంద్రిక చెంబుతో నీళ్లు తెచ్చింది. "తాతా, తాగు." పలకలేదు. భుజం తట్టింది. ఒరిగిపోయాడు. ఒళ్లు అప్పటికే చల్లబడింది.

నీళ్లు పడితే గంగమ్మకు కొట్టాల్సిన టెంకాయ, బోరుగుంత పక్కన తెల్లదుమ్ములో పడుకునే ఉంది.