జడ లేని పెళ్ళికూతురు

కొత్తపేట చుట్టుపక్కల పెళ్ళి కుదిరిందంటే, సన్నాయి మేళానికి కబురు వెళ్ళకముందే పలివెలలో హన్నమ్మకి వెళ్ళేది. పూలజడ కుట్టడంలో ఆవిడ చేతికి తిరుగులేదు. పచ్చి అరటిదొప్పని జడ వెడల్పున కోసి, మల్లెమొగ్గలు వరసలుగా కుట్టి, నడుమ కనకాంబరాలతో ముగ్గు దింపిందంటే, ఆ పిల్ల మొహం చూసేవాళ్ళకంటే వీపు చూసేవాళ్ళే ఎక్కువ. ఆదివారం చర్చిలో మాత్రం హన్నమ్మ తలలో ఒక్క పువ్వుండేది కాదు. అదేమంటే, "వండిన మనిషికి ఆకలుంటుందేంటండీ?" అని నవ్వేసేది.

డెబ్బై ఎనిమిది వేసవిలో వీరమ్మగారి అమ్మాయి అమ్మాజీ పెళ్ళి వచ్చింది. వీరమ్మగారిది ఊళ్ళో పెద్ద కొబ్బరితోట, అంతకంటే పెద్ద నోరు. పెళ్ళికొడుకుది గోదావరికి ఆవలి ఒడ్డు, నరసాపురం. కార్తీకంలో పెళ్ళిచూపులప్పుడు వాళ్ళు చూసి ముచ్చటపడింది అమ్మాజీ నడుము దాటిన జడని. ఆ తరవాత రెండు నెలలకి పిల్లకి టైఫాయిడ్ వచ్చింది. నలభై రోజులు మంచాన పడి బతికి బయటపడింది గానీ, జుట్టంతా పిడికిళ్ళకొద్దీ రాలిపోయింది. మిగిలింది చిక్కుపడిపోతే కత్తిరించేశారు. పెళ్ళినాటికి మెడదాకా వచ్చింది. ఈ సంగతి నరసాపురం వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

"వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు హన్నమ్మా. మేం ఒక్కటే ఆడుతున్నాం," అన్నారు వీరమ్మగారు, పెద్ద సవరం ఒకటి ఆవిడ చేతిలో పెట్టి. "దీని మీద మోకాళ్ళు దాటేలా కుట్టు. జడ ఎంత పెద్దదైతే అనుమానం అంత చిన్నది."

"ఆయ్, అలాగేనండి," అంది హన్నమ్మ.

అక్కడే పొరపాటు చేసింది. ఇరవయ్యేళ్ళుగా పొడుగాటి జుట్ల మీదే కుట్టిన చెయ్యి అది. జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుంది. కిందున్న జుట్టే అన్నీ మోస్తుంది. అరటిదొప్పలో ఎంత నీరుంటుందో, వెయ్యి మొగ్గలు ఎంత తూగుతాయో హన్నమ్మకి ఎప్పుడూ ఆలోచించాల్సిన పని పడలేదు.

లగ్నం సాయంత్రం ఏడింటికి. ఎండలో కోసుకొచ్చిన మొగ్గలు నాలుగు గంటలకల్లా దొప్ప మీదకి ఎక్కాయి. అమ్మాజీ జుట్టుని పోగుచేసి సవరం ముడేసి, దాని మీద జడ కట్టి, అద్దంలో చూసుకుని హన్నమ్మ మురిసిపోయింది. తన జన్మలో అంత పొడుగు జడ కుట్టలేదు.

"ఒక్కసారి తల వంచమ్మా," అంది.

అమ్మాజీ వంచింది. జడ, సవరం, పిన్నులు అన్నీ కలిసి, కొబ్బరిమట్ట రాలినట్టు, దబ్బున చాప మీద పడ్డాయి. మళ్ళీ బిగించి కట్టింది. మళ్ళీ పడింది.

"తల వంచకుండా కూచో," అన్నారు వీరమ్మగారు.

"తాళి కట్టించుకోవాలి కదమ్మా!" అంది అమ్మాజీ, ఏడుపు మింగుకుంటూ.

పెళ్ళివారు అప్పటికే సఖినేటిపల్లి రేవు దాటి వచ్చి విడిదిలో దిగేశారు. పీటల మీద ఈ జడ ఊడిందంటే పెళ్ళే ఆగిపోవచ్చు. ఆగకపోయినా, ఆ పిల్ల అత్తారింట్లో బతికినన్నాళ్ళూ సవరం ఊడిన కోడలిగానే బతకాలి. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు; ఇది ఎంత బిగించినా అతకడం లేదు.

"ఒక్క పావుగంటండి," అని హన్నమ్మ ఇంటికి పరిగెత్తింది. ట్రంకుపెట్టె తీసి, కలరా ఉండల వాసన కొడుతున్న తెల్లటి నెట్టుగుడ్డ బయటికి లాగింది. తన పెళ్ళినాటి ముసుగు అది. కూతురు మరియమ్మ కోసం దాచింది. చర్చిలో పెళ్ళికూతుళ్ళ తల మీద ఆ గుడ్డ నిలవడానికి జడతో పనే లేదు, నాలుగు పిన్నులు చాలు. కాసేపు గుడ్డని ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. తరవాత చివర్న మూరెడు కత్తిరించేసింది. ముసుగు మూరెడు తగ్గిందని దేవుడు టేపు పట్టుకుని కొలవడనుకుంది.

తిరిగొచ్చి దొప్ప మీది దారాలు తెంపడం మొదలుపెట్టేసరికి వీరమ్మగారు గుండెలు బాదుకున్నారు. "జడ లేని పెళ్ళికూతుర్ని ఎక్కడైనా చూసేవా?"

"ఊడే జడకంటే లేని జడే నయమమ్మా," అంది అమ్మాజీ. పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, నెట్టుగుడ్డ రెండు కొసలూ పట్టుకుని హన్నమ్మ ఎదురుగా కూర్చుంది. ఎండ దిగితే మొగ్గలు విచ్చుకుంటాయి. విచ్చిన మల్లె సూదికి ఆగదు. హన్నమ్మ తల ఎత్తకుండా కుట్టింది. ఆరున్నరకి అమ్మాజీ నడినెత్తి నించి మెడదాకా తెల్లటి మొగ్గల వల పరుచుకుంది, అంచున కనకాంబరాలతో. దాని కింద పొట్టి జుట్టు కొసలు కనిపిస్తూనే ఉన్నాయి.

చివరి పిన్ను పెడుతుండగా పెళ్ళికొడుకు తల్లి మధుపర్కాలు పట్టుకుని గదిలోకి వచ్చేసింది. పొడుగాటి మనిషి. అమ్మాజీ వెనక్కి వచ్చి నిలబడి చూసింది.

"జడేదండీ?"

"ఇప్పుడు పట్నంలో ఇదే ఫేషనంట వదినగారూ," అన్నారు వీరమ్మగారు.

ఆవిడ హన్నమ్మ వైపు తిరిగింది. "కుట్టింది నువ్వేగా. నువ్వు చెప్పమ్మా."

నిజం చెపితే పెళ్ళి ఏమవుతుందో తెలీదు. ఆ గడప మళ్ళీ తొక్కనివ్వరని మాత్రం హన్నమ్మకి బాగా తెలుసు. అద్దంలోకి చూసింది. అందులోంచి అమ్మాజీ చెప్పమన్నట్టు తలూపింది.

"పుష్యంలో టైఫాయిడ్ వచ్చిందండి. జుట్టు పోయింది. పిల్ల దక్కింది."

వీరమ్మగారు గోడ పట్టుకున్నారు. పెళ్ళికొడుకు తల్లి మధుపర్కాలు మంచం మీద పెట్టి, అమ్మాజీ మెడ మీది పొట్టి వెంట్రుకల్ని వేలితో తాకింది.

"మా పెద్దపిల్లకీ అదే జొరం," అంది. "మోకాళ్ళదాకా జడ. ఒక్క వెంట్రుక రాల్లేదు. పిల్లే దక్కలేదు."

అప్పుడు వీరమ్మగారి మీదకి తిరిగింది. "జుట్టు దాచేరని కోపం లేదు వదినగారూ. జొరం దాచేరు, అదీ నా బాధ. నా కోడలు ప్రాణం మీదకొస్తే నాకు కబురెట్టరా? రేవు దాటి వచ్చి కూచునేదాన్ని కదండీ!"

అమ్మాజీ ఏడుస్తూనే లేచి అత్తగారి చెయ్యి పట్టుకుంది. తల ఎటు వంచినా మొగ్గలు కదల్లేదు.

"ఈ జుట్టు నడుంకి రావడానికి ఎన్నాళ్ళు పడుద్ది?" అని అడిగింది ఆవిడ హన్నమ్మని.

"మూడేళ్ళన్నా పడుద్దండి."

"అయితే మూడో వేసవికి నరసాపురం రా. దీని సొంత జుట్టు మీద నువ్వే కుట్టాలి. పువ్వులు తేనక్కర్లేదు. మా పెరట్లో మల్లెపొదలున్నాయి. పిల్ల పోయినకాణ్ణించి వాటిని ఎవరూ కొయ్యట్లేదు."

హన్నమ్మ "ఆయ్" అంది. తలూపి, పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది.