నాలోంచి రానివాళ్ళు

నేను ఒక కంటి లెన్సును. చింతాకు కన్నా చిన్నదాన్ని. దుమ్ము రేణువు కూడా దూరని గదిలో పుట్టి, పెట్టెలో నిద్రపోతూ తెనాలి చేరాను. నా యజమానురాలు తాయారమ్మగారు ఒక్కరే.

ఆమెకి ఒక కన్ను ఎప్పుడో ఆరిపోయింది. రెండో కంట్లో దేవుడిచ్చిన కటకానికి శుక్లం పట్టింది. దానికి తోడు కంటి వెనక తెర నడిమధ్య వయసుతో అరిగిపోయింది. డాక్టరమ్మ దాచకుండా చెప్పింది.

“శుక్లం తీసి లెన్సు వేస్తే పక్కచూపు తేటపడుతుంది బామ్మగారూ. నడిచూపు మాత్రం నేనివ్వలేను.”

“లోకమంతా నాకెందుకమ్మా? ఈయన ముఖం కనిపిస్తే చాలు.”

“ఇప్పుడు చూసేం చేస్తావే, పళ్ళు కూడా లేవు,” అన్నారు భర్త శేషాచలంగారు.

కట్టు విప్పాక ఆమె ఆయన్ని సూటిగా చూసింది. చొక్కా ఉంది, భుజాలున్నాయి, ముఖం ఉండాల్సిన చోట పొగ. ఆ పొగని తుడవబోయినట్టు ఆమె చెయ్యి చాచింది.

“ముఖం వైపు కాదు, చెవి పక్కకి చూడండి,” అంది డాక్టరమ్మ.

చూసింది. గడ్డం మీది పుట్టుమచ్చతో సహా ఆయన వచ్చేశారు. ఎదుట ఉన్న మనిషిని చూడాలంటే చూపు పక్కకి తిప్పుకోవాలట! మనుషుల సంగతి నాకు వింతగా తోచింది.

తర్వాత వాళ్ళు రావడం మొదలైంది. జరీ తలపాగాల మగవాళ్ళు, పూల చీరల ఆడవాళ్ళు, మంచం కోడు దగ్గర జానెడేసి పిల్లలు. మాట లేదు, అడుగుల చప్పుడు లేదు. నాకు భయం వేసింది. ఆ కంట్లోకి వెలుతురు పోయే దారి నేనొక్కదాన్నే. వాళ్ళెవరూ నాలోంచి రాలేదు.

“పిచ్చీ కాదు, దయ్యమూ కాదు. చూపు తగ్గితే మెదడు బొమ్మలు కల్పిస్తుంది,” అంది డాక్టరమ్మ. “పలకరించి చూడండి. పలక్కపోతే లేనట్టే.”

ఇంటికొచ్చినవాళ్ళని వట్టి గొంతుతో పంపడం తాయారమ్మగారికి చాతకాదు. బొమ్మలకీ మజ్జిగ పెట్టేది. శేషాచలంగారు అది తాగేసి, “నీ చుట్టాలు దాహం మీదున్నారే, ఇంకో గ్లాసు తే,” అనేవారు.

వెలుతురు లేకుండా చూపించడం దేవుడికి తప్ప ఎవరికి చేతనవును? ఇందరి ముఖాలు చూపించేవాడు, ఆమె అడిగిన ఒక్క ముఖానికే పొగ ఎందుకు పెట్టాడో!

ఒక సాయంత్రం వాలుకుర్చీలో ఆయన కనిపించారు. ఆమె చెవి పక్కకి చూసింది. పుట్టుమచ్చ తేటగా ఉంది.

“ఏమండీ.”

పలకలేదు.

“ఏమండీ, దీపం పెట్టేదా?”

పలకలేదు.

“మీ దుంపతెగ, ఇవాళ ఈయన రూపే ఎత్తుకొచ్చారూ!” అని నవ్వి, కుర్చీ పక్కన మజ్జిగ పెట్టి దేవుడి గదిలోకి వెళ్ళింది. ఆయన ఇంకా బజారు నుంచి రాలేదనుకుని వీధి తలుపుకేసి చెవి పెట్టుకుని కూర్చుంది.

నాకు నోరు లేదు. కుర్చీలో ఆయన్ని ఆమెకి చూపించింది నేనే.

చీకటి పడ్డాక వచ్చి చూస్తే గ్లాసు నిండుగానే ఉంది. “ఇంకా వెళ్ళలేదా మీరు?” అంటూ చెయ్యి చాచింది. బొమ్మలు చేతికి తగలవు. ఇది తగిలింది, చల్లగా.

ఇప్పుడు ఆమె ఎవరినీ పలకరించదు. రోజూ వాలుకుర్చీ పక్కన మజ్జిగ పెట్టి, చెవి ఉండాల్సిన చోటికి చూపు తిప్పుతుంది. కాసేపటికి కన్ను నవ్వుతో ముడుచుకుంటుంది.

నాలోంచి వెళ్ళేది మాత్రం ఖాళీ కుర్చీ.