కారుతూనే ఉన్న ఫోర్కు

సూర్యాపేటలో కరెంటు లైన్‌మన్‌గా పనిచేసే ఉప్పలయ్యకు బండి లేనిదే పొద్దు గడవదు. ఆ బండి ముందు చక్రాన్ని పట్టి ఉంచే కుడివైపు ఫోర్కు, అంటే షాకబ్జార్బరు, నెలరోజులుగా నూనె కారుతోంది. మొన్న మోతె దారిలో ఆ నూనె బ్రేకు డిస్కు మీద పడి, బ్రేకు సరిగా పట్టక, బండి అడ్డమొచ్చిన బర్రెకు అడుగు దూరంలో ఆగింది.

మెకానిక్కు రెండుసార్లు ఆయిల్ సీల్, నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు, మార్చాడు. రెండుసార్లూ వారానికే కారింది.

"గాయనకు పని రాదు. నేనే జేస్త," అన్నాడు ఉప్పలయ్య.

కోదాడ పోయి కొత్త సీల్ తెచ్చాడు. ఆదివారం పొద్దున్నే వాకిట్లో కూర్చుని, ఫోన్లో వీడియో చూస్తూ చక్రం ఊడదీశాడు. ఫోర్కు లాగి, నల్లబడ్డ నూనె వంచాడు. పాత సీల్‌ను పట్టి ఉంచిన తీగ రింగు మాత్రం రానంది. స్క్రూడ్రైవర్ జారి బొటనవేలు చీరింది. చివరికి రింగు ఊడబెరికి, కొత్త సీల్ తట్టి దించి, నూనె పోసి, అంతా బిగించేసరికి మధ్యాహ్నం రెండయింది.

హ్యాండిల్ పట్టి పదిసార్లు కిందికి నొక్కాడు. ఫోర్కులోని తళతళలాడే స్టీలు గొట్టం మీద సన్నటి నూనె గీత దిగింది.

ఉప్పలయ్య స్పానరు విసిరికొట్టాడు.

"జర అన్నం తిని సూడరాదు?" అంది భార్య పూర్ణిమ.

"నీకేం దెలుసు, ఊకో!"

ఆమె ఊరుకోలేదు. తన కుట్టుమిషన్ దగ్గరి గుడ్డముక్క తెచ్చి గొట్టం తుడిచింది. ఒకచోట పోగు పట్టుకుంది. మళ్లీ తుడిస్తే మళ్లీ అక్కడే.

"గీడ ఏందో గుచ్చుకుంటాంది."

ఉప్పలయ్య గోరుతో తడిమాడు. కంటికి ఆనని తుప్పు గుంట. దాని అంచు బ్లేడులా ఉంది. ఎన్ని సీళ్లు మార్చినా ఆ అంచే కోసేస్తోంది.

"గొట్టమే మార్చాలె. గిది సూడకుండ పొద్దంత సచ్చిన," అన్నాడు.

"నోరు తెరిస్తే ఊకోమంటివి."

అతను ఫోన్ తీసి దుకాణానికి చేశాడు. కోదాడలో ఆ గొట్టం లేదన్నారు. మంగళవారం సెలవు పెట్టి, బస్సులో మిర్యాలగూడ పోయాడు. దుకాణంలోనే గొట్టాన్ని పైనుంచి కిందిదాకా గోరుతో తడిమాడు.

"కొత్తదే అన్నా," అని దుకాణదారు విసుక్కున్నాడు.

"కొత్తదైతేంది, సూస్త."

సాయంత్రానికి కొత్త గొట్టం, ఇంకో సీల్ వేసి బిగించాడు. ఈసారి చుక్క కారలేదు. సంబరం మాత్రం కలగలేదు. నెల కిందటే అయిపోవలసిన పని కదా అన్న చిరాకే మిగిలింది.