బరువు చెప్పనిదే సైజు చెప్పలేరు

స్నో షూ అంటే బూటు కాదు, బూటు కింద కట్టుకునే చేటంత చట్రం. మనిషి బరువును మంచు మీద వెడల్పుగా పరిచి, తొడల దాకా కూరుకుపోకుండా కాపాడుతుంది. దానికి కాలి సైజుతో పని లేదు. మనిషి బరువూ వీపున మోసే సంచి బరువూ కలిపి పొడవు ఎంచుకోవాలి. మాదాపూర్‌లోని ఒక ఆఫీసులో ఈ సంగతి అందరికంటే ముందు తెలుసుకున్నది ప్రవీణ. భీమవరం పిల్ల, మంచును ఫ్రిజ్‌లో తప్ప ఎరగదు. కానీ ఒకటి పట్టుకుందంటే అంతు చూసేదాకా వదలదు.

వాళ్ళ ట్రెక్కింగ్ క్లబ్బు ఏటా వేసవిలో హిమాచల్ దేవదారు అడవుల్లో గుడారాలు వేస్తుంది. పోయిన వేసవిలో ఒక గుడారం పక్క నుంచే చిరుత నడిచిపోయింది. అందుకని ఈసారి చలికాలంలోనే ఇద్దరు ముందుగా వెళ్ళి, మంచులో పడిన అడుగుజాడలు చూసి, జంతువులు తిరగని చోటు గుర్తుపెట్టుకు రావాలన్నది ప్రవీణ ఆలోచనే. క్లబ్బు నడిపే ఆదర్శ్ వెంటనే, "మనిద్దరం వెళ్దాం," అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె దసరా నుంచీ స్నో షూల గురించి దొరికిందల్లా చదివింది. ఏ చట్రం పొడిమంచులో నిలుస్తుందో, ఏ పట్టీ చెట్ల మధ్య ఊడకుండా ఉంటుందో అతనికి ఓపిగ్గా నూరిపోసింది.

సామాను తెప్పించేటప్పుడు అతను బరువు అడిగాడు. కన్నతల్లికి కూడా చెప్పని అంకె అది. పెళ్ళిళ్ళలో మేనత్తలు "ఏమ్మా, బాగా ఒళ్ళు చేశావే" అన్నప్పుడల్లా నవ్వి ఊరుకుంటుందే గానీ, ఇంట్లో బరువు తూచే మిషన్ మంచం కిందే ఉంటుంది.

"ఎనభై నాలుగు. ఎవరికీ చెప్పకు," అంది.

"నేనెందుకు చెప్తాను," అన్నాడు ఆదర్శ్.

ప్రయాణం దగ్గర పడ్డాక ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో రసజ్ఞ వచ్చి ఎదురుగా కూర్చుంది. సిద్దిపేట అమ్మాయి, ఈ మధ్యనే టీమ్‌లో చేరింది.

"అక్కా, జర సాయం చేస్తరా? ఏ స్నో షూ తీసుకోవాల్నో మీకే మంచిగ తెలుసని ఆదర్శ్ చెప్పిండు."

"నీకెందుకమ్మా?"

"హిమాచల్ నేనే పోతున్న గదా, మీ బదులు." ప్రవీణ మొహం చూసి ఆ పిల్ల ఆగిపోయింది. "మీకు తెల్వదా?"

"నేనెందుకు వెళ్ళట్లేదట?"

రసజ్ఞ టీ కప్పు వైపు చూసింది. "ఎనభై నాలుగు కిలోలకు లోతు మంచుల కష్టమైతదని క్లబ్ మీటింగ్‌ల అన్నడు. మీరే వద్దన్నరేమో అనుకున్న."

అలాంటి మీటింగ్ జరిగిందనే ప్రవీణకు తెలియదు. ఆ అంకె మాత్రం అక్కడున్న అందరికీ తెలిసిపోయింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఆమె కళ్ళు మండాయి. లేచి, దోసె కోసం వరుసలో నిలబడ్డ ఆదర్శ్ దగ్గరికి వెళ్ళింది.

"అందరికీ చెప్పేశావా?"

"నీ మంచికే ప్రవీణా. సేఫ్టీ."

"పొడుగు చట్రం కడితే నా బరువుకీ ఏం కాదని నీకు నేర్పిందే నేను కదా."

"అది కాదు, వీడియోలు కూడా తీయాలి కదా, క్లబ్ పేజీకి..." అనేసి నాలుక కరుచుకున్నాడు.

సేఫ్టీ అసలు రంగు అదన్నమాట. ప్రవీణ మళ్ళీ తన బల్ల వైపు నడిచింది. ఇంకేమైనా అడిగితే అక్కడే ఏడ్చేసేది, అతని ముందు ఏడవడం ఆమెకు ఇష్టం లేదు. వెనక్కి వచ్చేసరికి రసజ్ఞ ఇంకా అక్కడే, తప్పు చేసినదానిలా కూర్చుని ఉంది.

ఒక్క అబద్ధం చాలు. నీలాంటి సన్నటి పిల్లకు అన్నింటికంటే చిన్నది సరిపోతుందంటే, ఆ పిల్ల తలాడించి అదే కొనుక్కుంటుంది. అడవిలో అడుగడుక్కీ కూరుకుపోతుంటే, ఆదర్శ్ ఆమెను లాగలేక, వీడియో తీయలేక చస్తాడు. ఆ ఊహ ప్రవీణకు బాగానే ఉంది. కాసేపు దాన్ని చప్పరించింది కూడా.

"నీ బరువెంత?" అని అడిగింది చివరికి.

రసజ్ఞ అటూ ఇటూ చూసింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించింది.

"ఎవ్వరికీ చెప్పరు గదా, అక్కా?"

ప్రవీణ ముందుకు వంగి చెవి ఒగ్గింది.

"చెప్పను," అంది.

ఆ పిల్ల చెవిలో చెప్పిన అంకెకు సంచి బరువు కలిపి, సరైన పొడవు చెప్పింది. చెట్ల మధ్య ఊడిపోని పట్టీ ఏదో కూడా చెప్పింది.

"ఆదర్శ్ అడిగితే ఏం చెప్పాలె?" అంది రసజ్ఞ.

"సైజు చెప్పు," అంది ప్రవీణ. "బరువు చెప్పకు."