మాలూరులో పుట్టిన పిల్ల

బడిలో క్లాస్ లీడరు ఎన్నిక పెట్టారు. మా మనవరాలు రక్షిత నిలబడతానని పేరిచ్చింది. మర్నాడే ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది.

"తాతా, నేను మాలూరులో పుట్టినా కదా. కర్ణాటకలో పుట్టినోళ్ళు ఈడ నిలబడకూడదంట. తిలక్ అన్నాడు, క్లాసంతా అవునన్నారు. నా పేరు తీసేయమంటా."

నాకు ఒళ్ళు మండిపోయింది. తాతల నాటి నుంచి తమిళనాడు అంచున ఈ బాగలూరులో పూలు పండిస్తున్న ఇంటి పిల్ల పరాయిదా? గులాబీల కోత వదిలేసి బడికి పోయాను. ఆ తిలక్ గాడి చెవి మెలిపెట్టిస్తే గానీ నాకు నిద్ర పట్టదు.

నళిని టీచరమ్మ నా కేకలన్నీ ఓపిగ్గా విన్నది. "రేపొచ్చి క్లాసులో కూర్చోండప్పా" అంది. అంతే! వాణ్ణి ఒక్క మాట అనలేదు. ఈమెకు ధైర్యం లేదని దారి పొడుగునా తిట్టుకున్నాను. పిల్లలకు మాత్రం ఒక పని చెప్పిందట, తామెక్కడ పుట్టారో ఇంట్లో అమ్మనడిగి రమ్మని.

మర్నాడు వెనక బెంచీలో కూర్చున్నాను.

"తమిళనాడులో పుట్టనోళ్ళు లేచి నిలబడండి" అంది టీచరమ్మ.

రక్షిత తల వంచుకుని లేచింది. ముందు బెంచీలో ఒకడు లేచి "నేను కోలారు, మిస్" అన్నాడు. ఇంకొకతె కుప్పం. చూస్తుండగానే సగం క్లాసు లేచింది. నాకప్పుడు వెలిగింది. మేం సరిహద్దుకు అటూ ఇటూ పిల్లనిచ్చి పుచ్చుకునేవాళ్ళం, తొలి కాన్పు పుట్టింట్లోనే. పెద్దబిడ్డలు అమ్మమ్మ ఊళ్ళో కాక ఇంకెక్కడ పుడతారు?

చివరికి తిలక్ లేచాడు. "నేనూ మాలూరే అంట, మిస్."

క్లాసు గొల్లుమంది.

"నవ్వద్దండి. అడిగి తెలుసుకున్నాడు కదా" అంది టీచరమ్మ. "రాష్ట్రానికొక పౌరసత్వం లేదు, దేశమంతా ఒకటే. ఈ దేశంలో పుట్టి, అమ్మానాన్నా ఈ దేశమోళ్ళయితే పుట్టుకతోనే వస్తాది. బయట దేశమోళ్ళు కూడా చాలా ఏండ్లు ఈడుండి, అర్జీ పెట్టుకుని, ప్రభుత్వం ఒప్పుకుంటే పొందొచ్చు. ఇప్పుడు చెప్పండి, రక్షిత నిలబడొచ్చా?"

"నిలబడొచ్చు!" అందరికంటే గట్టిగా అరిచింది తిలకే.

చెవి ముట్టుకోకుండా వాడి నోటితోనే అనిపించింది టీచరమ్మ! ఆ తల్లికి చేతులెత్తి మొక్కాలనిపించింది.

ఎన్నిక రోజు గేటు దగ్గర కాచుకున్నాను. రక్షిత ఓడిపోయింది. నాకు మళ్ళీ కోపం పొంగింది.

"ఎవరే నీకు ఓటెయ్యనిది?"

"ఓట్లు తక్కువొచ్చినాయి తాతా, అంతే. ఈడిదాన్ని కాదని మాత్రం ఎవరూ అనలేదు" అని బ్యాగు నా భుజానికి తగిలించి ముందు నడిచింది.