రెండు ఎర్తులు

అనకాపల్లిలో త్రినాధరావు రిపేరు షాపు బల్ల మీద ఆ హారన్ మోగిందంటే, ఎదురు టీకొట్టులో గ్లాసులు వాటంతటవే తొట్లోకి దూకి కడుక్కునేవి. నమ్మకపోతే మీ ఇష్టం. రావికమతం దగ్గర అతని బావ బంగారయ్య చెరుకుతోటకి చేరేసరికి మాత్రం, అదే హారన్ జ్వరమొచ్చిన పిల్లిలా మూలిగేది.

అది అడవిపందుల్ని బెదరగొట్టడానికి చేసిన సరంజామా. పెట్టెలో ఒక టైమర్ ఐసీ ఉంటుంది. కాసేపు మోగమంటుంది, కాసేపు ఆగమంటుంది. దాని గొంతు సన్నం. లారీ హారన్‌ని కదిలించే సత్తా దానికి లేదు. అందుకని మధ్యలో ఒక పవర్ ట్రాన్సిస్టర్. కాలవకి తూము ఎలాగో, హారన్‌కి అది అలాగ. టైమర్ ఎత్తమంటే ఎత్తుతుంది, దించమంటే దించుతుంది. పెట్టె, దాని బ్యాటరీ తోట ఇవతలి పాక దగ్గర ఉన్నాయి. హారనూ, ట్రాన్సిస్టరూ, ట్రాక్టరు బ్యాటరీ తోట అవతలి గట్టు మీద. మధ్యన ఒక్క తీగ. త్రినాధరావు ఫోన్లో చెబుతుంటే బంగారయ్యే అన్నీ బిగించాడు.

ఇది మోగకపోతే తోట చుట్టూ కరెంటు తీగ లాగేస్తానని బంగారయ్య ఇనప జీఐ వైరు చుట్ట కొని పాకలో పెట్టుకున్నాడు. ఆ తీగకి పందీ మనిషీ తేడా తెలీదు. బంగారయ్య భార్య, త్రినాధరావుకి తోడబుట్టిన అప్ప అమ్మణ్ణి ఫోన్ చేసి, "ఒరే తమ్మా, ఆ సుట్టని సూత్తంటే నాకు ముద్ద దిగడం నేదురా. మీ బావ నా మాట ఇనడు. నువ్వే ఏదోటి సెయ్యి," అంది. చేస్తానని మాటిచ్చాడు. ఆ మాటే ఇప్పుడు గట్టు మీద మూలుగుతోంది.

ఒకసారి సరంజామా అంతా షాపుకి తెప్పించి చూశాడు. బల్ల మీద ఒక్క బ్యాటరీ పెట్టి కలిపితే, వీధి వీధంతా చెవులు మూసుకుంది. తిరిగి పంపాడు. అక్కడ మళ్లీ మూలుగే. ఇక లాభం లేదని మీటరూ, సంచీ పట్టుకుని తనే బస్సెక్కాడు.

"పొద్దున్న బాగానే కూసిందిరా త్రినాధా! మద్దినానికి మూలుగుతాది. దీనికీ ఎండదెబ్బ తగులుతాదేటి?" అన్నాడు బంగారయ్య.

పెట్టె దగ్గర మీటరు పెట్టాడు. టైమర్ శుభ్రంగా మోగమంటోంది, ఆగమంటోంది. గట్టు దగ్గర బ్యాటరీ నిండుగా ఉంది. ట్రాన్సిస్టర్ మీద వేలు పెట్టి కెవ్వుమన్నాడు. దాని మీద అట్టు పోసుకోవచ్చు. మార్చాడు. కొత్తదీ కాలింది. మరొకటి మార్చాడు. అదీ అంతే.

త్రినాధరావు గట్టు మీద కూలబడ్డాడు. కాలుతోందంటే తూము పూర్తిగా లేవడం లేదు, పూర్తిగా దిగడమూ లేదు. సగంలో నిలబడి పెనుగులాడుతోంది. టైమర్ గట్టిగానే చెబుతోంది. మరి మధ్య దారిలో ఆ మాట నమిలేస్తున్నదెవరు?

"ఎర్త్ చేసేవా బావా, ఫోన్లో చెప్పినట్టు?"

"ఏటా అడగడం? రెండిటికీ సేసేను. మా మోటారుకి కూడా అంత బాగా సెయ్యలేదు."

"మరి నా బల్ల మీద మోగిందే!"

"అయితే బల్ల కూడా ఒట్టుకొచ్చీవలిసిందిరా! రేత్రి ఓ పందొచ్చి హారన్ కింద తొంగుంది. జోలపాటనుకుందో ఏటో. పిల్లల్ని కూడా తెచ్చుకుంది."

అమ్మణ్ణి క్యారేజీ తెచ్చింది. త్రినాధరావుకి నోట్లో ఏం పెట్టుకున్నాడో కూడా తెలియలేదు. తినడం అయ్యాక పాక గుంజ పక్కన చెయ్యి చాపితే, అప్ప చెంబుతో నీళ్లు పోసింది.

అవతలి గట్టు మీద హారన్ ఒక్కసారి బొబ్బ పెట్టింది. కాకులు లేచాయి. బంగారయ్య చేతిలో గ్లాసు జారింది.

కాసేపటికి భూమి ఆ నీళ్లు పీల్చేసింది, మళ్లీ మూలుగు.

"అప్పా, ఇంకో చెంబు పొయ్యి."

పోసింది. బొబ్బ.

"నీ సేతిలో ఏదో ఉందే!" అన్నాడు బంగారయ్య భయంభయంగా.

త్రినాధరావు చెంబు లాక్కుని తనే పోశాడు. ఇంకా పెద్ద బొబ్బ. నీళ్లు తగిలితే పాడవ్వాలి గాని బాగుపడడమేమిటి? నేర్చుకున్న పని మీదే అతనికి అనుమానం వచ్చింది. గుంజ మొదట్లో చెరుకాకు చెత్త తప్పించాడు. కింద ఇనపరాడ్డు తల కనిపించింది. చుట్టూ ఉప్పు, బొగ్గు.

"ఇదేటి బావా?"

"ఎర్తు! రెండు మైనస్సులూ ఎర్త్ సేసీమని నువ్వే కదరా అన్నావు? రెండోది గట్టు మీద పాతేను. పొద్దున్నే రెండిటికీ నీళ్లు పోత్తన్నాను. మద్దినానికి ఆరిపోతాది. రోజంతా సెంబుచ్చుకు కూకుంటానేటి?"

త్రినాధరావు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. షాపులో ఎర్త్ చెయ్యడమంటే మైనస్సూ మైనస్సూ తీగతో కలపడం. బల్ల మీద ఒక్కటే బ్యాటరీ గనక అవి ముందే కలిసి ఉన్నాయి. మోటారు ఉన్న రైతుకి ఎర్త్ అంటే రాడ్డు పాతే గొయ్యి. తీగ మీద వెళ్లిన టైమర్ మాట తిరిగి రావడానికి దారి లేక, చెరుకు వేళ్ల మధ్య మట్టిలో డేక్కుంటూ వస్తోంది. మట్టి ఎండితే సగం మాటే మిగులుతోంది.

"తీగతో కలపమన్నాను బావా!"

"అలాగ సెప్పొచ్చు కదా! ఎర్తన్నావు."

"మేం దాన్నే ఎర్తంటాం."

"మట్టి నేకుండా ఎర్తేట్రా?"

ఇన్నేళ్లలో త్రినాధరావుని ఆ మాట ఎవరూ అడగలేదు, తనకీ తోచలేదు.

పాక నుంచి గట్టు దాకా తీగ కావాలి. సంచిలో అంత పొడుగుది లేదు. అతని చూపు పాక మూలకి వెళ్లింది. బంగారయ్య చూపూ వెళ్లింది.

"అది కంచెకి కొన్నాన్రా..."

ఆ మాట పూర్తయ్యేలోపే అమ్మణ్ణి చుట్టని ఎండలోకి దొర్లించింది. మైనస్సుకీ మైనస్సుకీ కలిపారు. మిట్టమధ్యాహ్నం, పొడి నేల మీద హారన్ గొంతెత్తి అరిచింది, ఆగింది, మళ్లీ అరిచింది. ట్రాన్సిస్టర్ గోరువెచ్చగా ఉంది. ఎలమంచిలిలో రైలు బండి, వెనక ఎవరో దారి ఇమ్మంటున్నారనుకుని ఆగిపోయిందని తర్వాత చెప్పుకున్నారు.

మిగిలిన తీగని అమ్మణ్ణి అక్కడే కట్టర్‌తో ముక్కలు చేసింది. బట్టలారెయ్యడానికి ఒకటి, ఆనపపాదు పందిరికి కొన్ని. ఏ రెండు కలిపినా కంచెకి చాలనంత చిన్నవి.

త్రినాధరావుని బస్సెక్కిస్తూ బంగారయ్య, "ఒరే, ఆ రాడ్లకి నీళ్లు మానేయొచ్చా?" అన్నాడు.

"మానేయొచ్చు బావా."

"అయినా ఓ సెంబు పోత్తాన్లే."

బస్సు కదిలింది. మట్టి నేకుండా ఎర్తేట్రా... అనకాపల్లి వచ్చేదాకా త్రినాధరావు ఆలోచిస్తూనే ఉన్నాడు.