బమ్ము

ఆషాఢమాసపు అపరాహ్ణమున తూర్పు సముద్రము మీదినుండి పొరలుపొరలుగా లేచివచ్చిన నల్లని మేఘమాలికలు కాకినాడ పట్టణమును పట్టపగలే చీకటిలో ముంచి ఉప్పుటేటి నీటిని సీసపు రంగునకు దింపి జగన్నాథపురపు వంతెన మీద పోవు జనుల ముఖములను సైతము ఒకే బూడిదవన్నెలోనికి మార్చివేసి కురియకయు తొలగకయు ఏదియో చెప్పదలచి చెప్పలేనివారివలె ఆ యూరి నెత్తిపైన నిలిచియుండెను. అట్టి మబ్బును చూచి వానరాకకు సంతసించువారు కొందరును ఆరవేసిన బట్టలకై పరుగులెత్తువారు కొందరును ఉందురు గాని ఆ వంతెనకు చేరువనున్న మేడలో కిటికీ తలుపులు బిగించి కూర్చుండిన వైదేహికి మాత్రము మబ్బు పట్టుట యనగా గుండెలో ముల్లు కదలుటయే. ఆ సంగతి నెరిగినవాడు ఆమె భర్త సోమశేఖరుడొక్కడే. ఎరిగియు అతడు చేసిన పనియే ఈ కథ.

సోమశేఖరుడు బొమ్మలు గీచి వానిని నడిపించి నవ్వించి ఏడిపించు విద్యలో చేయి తిరిగినవాడు. పిల్లలు ఫోనులలో చూచుకొను కథలను తయారుచేయు నొక చిన్న స్టూడియోలో ఏనుగు తొండమెత్తుటకు నొక పూటయు కుందేలు చెవి వాల్చుటకు నొక పూటయు వెచ్చించుచు కాలము గడుపుచుండెను. ఇట్లుండగా ఆ స్టూడియో యజమానియగు కనకారావు, కథను వినిపించినంతనే బొమ్మలను తామే గీచి తామే ఆడించు కృత్రిమమేధా యంత్రములు అంగడికి వచ్చినవని విని, వానిలో పేరుపడిన మూడింటికి ఒకే కథను ఇచ్చి పోల్చి చూచి ఏది కొనదగినదో తేల్చి చెప్పుమని సోమశేఖరునే నియోగించెను. తన కొలువునకు ఎసరు పెట్టవచ్చిన మూడింటిలో ఏది చక్కగా పెట్టగలదో తానే పరీక్షించి చెప్పవలసివచ్చిన ఆ దురవస్థకు నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియక అతడు తల యూపెను.

ఏ కథను ఇయ్యవలెనను విషయమున మాత్రము అతడు తడుముకొనలేదు. ఆ దంపతులకు లాస్య యను కూతురుండెడిది. మాటలు నేర్చి ఆ మాటలతో ఇల్లెల్ల నింపిన ఆ బిడ్డ గడచిన వర్షాకాలమున విషజ్వరము సోకి, వైద్యులు ఇది యిట్టిదని తేల్చులోపలనే కన్నుమూసెను. బ్రతికియున్న దినములలో ఒకనాడు తల్లి యొడిలో కూర్చుండి ఆ బిడ్డ తానే కల్పించి చెప్పిన యొక చిట్టికథను, ఆ గొంతుతోనే, వైదేహి తన ఫోనులో పట్టియుంచెను. ఇల్లు లేని యొక పీత సముద్రపుటొడ్డున కూర్చుండి ఏడ్చుచుండగా ఆకాశమునుండి మబ్బు దిగివచ్చి ఎక్కు మనుటయు పీత ఎక్కుటయు అంతటితో కథ అయిపోవుటయు, ఇంతియే. అయితే మబ్బు అను మాటకు ఆ బిడ్డ నోరు తిరుగక అది “బమ్ము” అయ్యెను. బమ్ము వచ్చిందని కన్నులు పెద్దవి చేసి ఆమె పలుకు తీరునకు తల్లి మురిసిపోయెడిది. సోమశేఖరుడు మాత్రము బడిలో చేర్చు వయసు వచ్చుచున్నదను తొందరతో బమ్ము కాదమ్మా మబ్బు అని పదేపదే దిద్దుచుండెడివాడు. బిడ్డ శ్రద్ధగా విని తల పంకించి మరల బమ్ము అనియే పలికెడిది. ఉండనిమ్మని భార్య ఎన్నిమార్లు వారించినను అతడు మానలేదు.

ఆ బిడ్డ పోయి ఏడాది నిండవచ్చెను. వారి యింటి ఆచారమున పెద్దలకు తద్దినములు కలవు గాని పసివారికి పెట్టు పిండము లేదు, చదువు మంత్రము లేదు. ఆ దినము ఊరక వచ్చి ఊరక పోవునను తలంపే సోమశేఖరుని తొలిచివేయుచుండెను. ఆనాటికి బిడ్డ కథను బొమ్మలుగా నడిపించి భార్యకు చూపినచో అదియే బిడ్డకు చేసిన కర్మ యగుననియు, మూగవోయిన వైదేహి కొంచెమైన కోలుకొనుననియు అతని ఆశ. తన చేతితో గీయబూనిన ప్రతిసారియు పీత కన్నుల దగ్గరకు వచ్చునప్పటికి గీచినదెల్ల తుడిచివేయుచుండెను గావున యంత్రములకు అప్పగించుటయే అతనికి ఊరటగా తోచెను. అతడు అడుగగా వైదేహి చీరల మడతలలో దాచిన పాత ఫోనును తెచ్చి అతని చేతిలో పెట్టి చాలదినములకు నోరు విప్పెను.

“ఫొటోలు బోలెడున్నాయి గానీ, ఆ బమ్ము అన్న మాట ఇందులో తప్ప ఇంకెక్కడా లేదండి. అది కూడా పోతే నాకింకేం మిగలదు. జాగ్రత్తండి.”

అతడు ఆమె చేయి పట్టుకొని అట్లే యని మాట యిచ్చెను. ఆ మాట ఇచ్చునప్పుడు అతని మనస్సులో ఏ కల్మషమును లేదు.

మొదటి యంత్రము చూపిన సముద్రమును చూచుటకు స్టూడియోలోనివారెల్లరు పని మాని గుమిగూడిరి. అలల మీది వెలుగును తడియిసుకపై పాకు నురుగును దూరమున తేలు పడవల నీడలును కన్నులకు కట్టినట్లుండెను. పీత కాళ్లు మాత్రము ఒక దృశ్యమున ఉన్నన్ని మరియొక దృశ్యమున లేకుండెను. బిడ్డ గొంతును తోసిపుచ్చి ఎవతెయో పరాయి స్త్రీ తియ్యని కంఠముతో కథ చెప్పుచుండెను. అంతవరకు ఓర్చుకొనవచ్చును. పీత ఏడ్చిన పిమ్మట ఆకాశము ఎర్రబారి నల్లని గోళములు ఈలలు వేయుచు జారిపడి ఆ సుందరసైకతము భగ్గున మండిపోయెను. బిడ్డ పలికిన బమ్మును ఆ యంత్రము బాంబు అని విన్నది. చుట్టునున్నవారు పక్కున నవ్విరి. వారు విన్నది పరాయి కంఠము గావున అది ఎవరి కథయో వారికి తెలియదు. సోమశేఖరుడును నవ్వినట్లు ముఖము పెట్టి, నీరు బాగున్నది నిలకడ లేదు అని తన అభిప్రాయమును వ్రాసెను.

రెండవదానికి నిలకడ కలదు. ఆదినుండి అంతము వరకు పీత ఆ పీతయే, రంగు మారలేదు, కాలు తప్పలేదు. కాని దాని కదలికలో ప్రాణము లేక అంతయు కొయ్యబారి యుండెను. అదియు వేరొక గొంతునే అతికించెను. బమ్మును బొమ్మ అని విన్నది. అందుచేత ఏడ్చుచున్న పీత యెదుటికి గౌను తొడిగిన యొక పెద్ద బొమ్మ రెప్పవాల్చని కన్నులతో ఆకాశమునుండి మెల్లమెల్లగా దిగివచ్చి ఎక్కు మనెను. సోమశేఖరుడు చప్పున తెర నార్పివేసెను. అట్లు రెప్పవాల్చని కన్నులను అతడు ఆసుపత్రిలో చూచియుండెను.

మూడవది తక్కిన రెండింటివలె తొందరపడలేదు. బిడ్డ గొంతునే నిలిపి వెనుక వినవచ్చు గిన్నెల చప్పుడును ఫాను రొదను తుడిచివేసి, ఒక్క మాట దగ్గర ఆగి, ఇది అస్పష్టముగా నున్నది సరియైన పదమేది అని వినయముగా నడిగెను. అతడు మబ్బు అని టైపు చేసెను. ఆ పదమును ఈ గొంతుతోనే పలికింతునా యని అది మరల నడుగగా సమ్మతించెను. దిద్దినదానిని పాతదాని స్థానముననే భద్రపరతునా యని అది పిదప నడిగెను. ఆ స్టూడియోలో నొక కట్టడి కలదు. ఒకప్పుడు దిద్దని ప్రతి యొకటి పొరపాటున బయటికి పోయి తలవంపులు తెచ్చినది మొదలు, ఒక కథకు ఒకే ప్రతి యుండవలెననియు దిద్దినది దిద్దనిదానిని కప్పివేయవలెననియు కనకారావు శాసించెను. ఏండ్ల తరబడి ఆ శాసనమునకు అలవడిన వ్రేలు, అడిగిన ప్రశ్నను కన్నులు చదువకముందే, ఔనను మీటను నొక్కెను. గణకయంత్రమునకు తీగతో తగిలించియున్న వైదేహి ఫోనులోని మాట ఆ క్షణముననే మారిపోయెను. అతడు దానిని గమనింపలేదు.

ఆ చిత్రము మాత్రము మనోహరముగా వచ్చెను. పీత కన్నీటిలో తడియు, మబ్బు కడుపులో మెత్తదనమును తెలియుచుండెను. మబ్బు వంగి పీతను ఎక్కించుకొను చోట, తాను నెలలు కష్టించినను తీసుకొనిరాలేని లాలిత్యమును చూచి సోమశేఖరుడు కన్నులు తుడుచుకొనెను. మూడవదే కొనదగినదని కనకారావునకు చెప్పి ఆ సాయంకాలమే ఇల్లు చేరి భార్య ప్రక్కన కూర్చుండి ఫోను తెర తెరచెను.

వైదేహి మొదట చూచినది పీతను గాదు, విన్నది బిడ్డ గొంతును. అనగనగా యని ఆ గొంతు వినబడినంతనే ఆమె ముఖమున నెత్తురు ప్రాకెను, చేయి అప్రయత్నముగా మగని మోకాలిపైన నిలిచెను. పీత ఏడ్చెను. అప్పుడు మబ్బు వచ్చిందని లాస్య స్పష్టముగా, అక్షరము తప్పక, పాఠమప్పగించునట్లు పలికెను.

ఆమె చేయి మోకాలినుండి తొలగెను. పాతది పెట్టుడని మెల్లగా నడిగెను. అతడు పాతది తెరచెను. అందును మబ్బే వచ్చెను. మరల మొదటినుండి పెట్టెను, మరల మబ్బే వచ్చెను. అప్పుడు గాని వ్రేలు చేసిన పని అతని బుద్ధికి తట్టలేదు. మరునాడు స్టూడియోలోని గణకయంత్రముల నన్నింటిని గాలించెను. తొలి రెండు యంత్రములవారిని వేడుకొనగా, పరీక్షకై ఇచ్చిన శబ్దములను తాము నిలువయుంచుట లేదని వారు తెలిపిరి. మూడవదానివారు తమ యొద్ద దిద్దిన ప్రతి మాత్రమే కలదని, అది మిక్కిలి స్పష్టముగా నున్నదని మర్యాదగా ప్రత్యుత్తరమిచ్చిరి. వట్టి చేతులతో వచ్చిన మగని చూచి వైదేహి ఏడ్వలేదు, నిందింపలేదు.

“బతికున్నన్నాళ్లూ మీరెంత దిద్దినా అది దిద్దుకోలేదు. ఇప్పుడు దిద్దేశారండి,” అనెను.

కనకారావు మూడవ యంత్రమును కొని, అది గొంతును చక్కదిద్దు నేర్పును వచ్చినవారికెల్ల వేడుకగా చూపుచుండెను. ఆ వేడుక జరుగునప్పుడెల్ల సోమశేఖరుడు లేచి బయటికి పోవుచుండెను.

ఏడాది నిండిన దినమున బిడ్డ పటమునకు మల్లెదండ వేసి ఎదుట గిన్నెలో బూంది పెట్టి వారిద్దరును కూర్చుండిరి. చిత్రమును చూతమని ఎవరును తలపెట్టలేదు. ఉక్కకు తాళలేక సోమశేఖరుడు కిటికీ తెరవగా ఉప్పుటేటిపైన మేఘములు క్రిక్కిరిసి నేలకు దిగుచున్నట్లు వ్రేలాడుచుండెను. అతడు వానిని చూచి, దిద్దుటకు తప్ప ఎన్నడును తన నోట పలుకని ఆ మాటను కూడదీసుకొని పలికెను.

“బమ్ము వచ్చింది.”

వైదేహి తల అడ్డముగా నూపెను. “అలా కాదండి.”

అతడు గొంతు సన్నగించి మరల పలికెను. ఆమె మరల అట్లే కాదని తల యూపెను. ఏమి తప్పినదో అతనికి తెలియలేదు. చెప్పి దిద్దుటయే గాని చెవి యొగ్గి వినుట అతడు చేసియుండలేదు.

“నువ్వొకసారి అను వైదేహీ,” అని అతడు ప్రాధేయపడెను. “నేను నేర్చుకుంటాను.”

ఆమె పెదవులు విచ్చుకొనెను. మాట అంచుదాక వచ్చి ఆగెను. బిడ్డ పలికిన పలుకు ఈ లోకమున నిక ఆమె చెవిలోనే కలదు. తాను పలికినచో, తన గొంతు బిడ్డ గొంతును కప్పివేసి అచ్చట నిలిచిపోవునేమో యని ఆమెకు భయము కలిగెను. పెదవులు మరల మూతపడెను. అంతలో ఇన్నినాళ్లు బిగపట్టియున్న వాన ఒక్కపెట్టున దిగి పొరుగిండ్ల రేకుల పైకప్పుల మీద హోరెత్తెను. సోమశేఖరుడు ఆ హోరులోనే ఏదియో అడుగుచుండగా, వైదేహి ఆ చప్పుడు లోనికి రాకుండ రెండు చెవులను అరచేతులతో గట్టిగా మూసికొని అట్లే కూర్చుండిపోయెను.